నెల్లూరు నుంచి వచ్చిన అంజనం

నేను ఎదురుకాళ్లతో పుట్టానట. అలా పుట్టినవాళ్లకే అంజనం కనపడుతుందని ఉదయగిరిలో నమ్మకం. ఎవరి గొడ్డు తప్పిపోయినా, ఎవరి ముక్కుపుడక పోయినా నన్ను పిలుచుకుపోయి, తమలపాకు మీద కాటుక పూసి నా ముందు పెట్టేవాళ్లు. ఆ నలుపులో తెల్లగా ఏదైనా మెరిస్తే పోయిన వస్తువు దొరికినట్టే. నల్లగానే ఉంటే ఆశ వదులుకోవాల్సిందే. నాకు సగం సార్లు నా ముఖమే కనపడేది. చూసిందేదో చెప్పి, వాళ్లు పెట్టిన బెల్లం ముక్క తిని వచ్చేదాన్ని.

పందొమ్మిదివందల యాభైల మొదట్లో మా అమ్మకు దగ్గు పట్టుకుంది. ఆత్మకూరు డాక్టరు నెల్లూరు పోయి ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు, అది చూసి సూదిమందు మొదలుపెడతానన్నాడు. అవ్వ చెప్పే కథల్లో మాంత్రికుడు గోడ అవతల ఉన్నది కూడా చూసేవాడు. కథలో ఉన్నంతకాలం ఆ చూపుతో ఎవరికీ ఇబ్బంది లేదు. అది నిజమై చేతికొచ్చాక ఎట్లా చూడాలో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

తిరుగు బస్సు ఆత్మకూరు చేరేసరికి ఆసుపత్రి మూసేశారట. అమ్మ, నాయన ఫిల్ముతో నేరుగా ఇంటికొచ్చారు. పొద్దున్నే అవ్వ దాన్ని చూసింది.

"నల్లగా నిగనిగలాడతా ఉండాది. ఇది అంజనమే గదరా! పాపను చూడనీ."

నాయన వాకిట్లో వెలుతురుకు పట్టుకున్నాడు. "ఏం కనిపిస్తా ఉండాది మా?"

"పక్కటెముకలు నాయనా. ఇక్కడ తెల్లగా, దూదిపింజ మాదిరి ఉండాది."

అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "తెల్లగా కనిపించినాదంటే ఇంక భయం లేదు, పో."

నాయన ముఖం తేటపడింది. అమ్మకు అసలే సూదులంటే ప్రాణభయం. ఆత్మకూరు ప్రయాణం ఆగిపోయింది, అవ్వ కషాయం కాచింది. ఆరోజు ఇల్లంతా సంతోషంగా ఉంది. నేనూ సంతోషపడ్డాను.

వానలు వెనకబట్టాక అమ్మ దగ్గితే రక్తం పడింది. అప్పుడు ముగ్గురం ఆత్మకూరు పోయాం. డాక్టరు ఫిల్మును కిటికీకి ఎత్తి, సరిగ్గా ఆ దూదిపింజ మీదే వేలు పెట్టాడు.

"ఈ తెల్లదే జబ్బు. ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ చూడలేదా?"

"మా పాప చూసినాది సార్," అన్నాడు నాయన. "తెల్లగా ఉండాదంటే మంచిదే అనుకున్నాం."

డాక్టరు నా వైపు చూశాడు. ఆయనకు కోపం కూడా రాలేదు. బెంచీ మీద ఒరిగిన అమ్మ, నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి, "నా బిడ్డ ఉండేదే చెప్పినాది సార్," అంది.

సూదులు ఆరోజే మొదలుపెట్టారు. మందు మంచిదే, మేమే ఆలస్యంగా పోయాం. చింతపండు దులిపే రోజుల్లో అమ్మ పోయింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లయినా అంతే, తలుచుకుంటే ఏమీ అనిపించదు. మనసు మొద్దుబారిపోయింది.

ఊళ్లో మాత్రం నా పేరు పెరిగింది. డాక్టరు కంటే ముందే జబ్బును చూసిన పిల్లనట. నెల్లూరులో ఫిల్ము తీయించుకున్నవాళ్లు దారిలో ఆత్మకూరులో దిగకుండా ముందు మా ఇంటికే వచ్చేవాళ్లు. కాదనలేక నాయన నన్ను పిలిచేవాడు. నేను ఫిల్ము ముట్టుకోకుండా, "ఆత్మకూరు పోండి, డాక్టరుకు చూపించండి," అనేదాన్ని. కొందరు పోయేవాళ్లు. కొందరు, కనపడింది చెప్పడానికి నాకు నోరు రాలేదనుకొని, అక్కడే కూలబడి ఏడ్చేవాళ్లు.