రెండు ఎడమ చేతుల చొక్కా

కుట్టుమిషనమ్మకు పిచ్చి ముదిరిందనీ, చొక్కా కోసం వచ్చిన మనిషి మీదికి కత్తెరతో ఉరికిందనీ వీధిలో చెప్పుకుంటున్నారు. కొళాయి దగ్గర పుట్టిన మాటకు కూరల బండి చేరేసరికి రక్తం కూడా కారింది. ఉరకడానికి ఆమె చేతిలో కత్తెరే లేదు. అది బీరువాలో ఉంది, తాళంచెవి తోడికోడలి నడుముకు ఉంది. అసలు జరిగింది ఇది.

మిషనమ్మ మొదటినుంచీ అలాంటి మనిషే. పొద్దున్న కళ్లనీళ్లు తుడుచుకుంటూ కాజాలు కుడుతుంది, మధ్యాహ్నానికి మిషను చప్పుడుకే పాట కడుతుంది. మొగుడున్నన్నాళ్లూ అందరూ దాన్ని ముచ్చట అన్నారు. తమ ఇంట్లో ఎండా వానా ఒకే పూటని ఆయనా మురిసిపోయేవాడు. నిరుడు ఆయన పోయాడు. ఈమె మారలేదు గానీ, ముచ్చట కాస్తా జబ్బయింది.

జబ్బని పేరుపెట్టింది పెద్ద తోడికోడలు. ఆవిడ పైకి నవ్వీ ఎరగదు, ఏడ్చీ ఎరగదు, అదే ఆరోగ్యమనుకుంటుంది. ఏ క్షణాన ఏం చేసుకుంటుందోనని తన మొగుడికి నూరిపోసి, మిషనమ్మ తల్లి వాడిన కత్తెరను తీసి బీరువాలో పెట్టింది. ఇక గుడ్డ కోయడం తనది, కుట్టడం మిషనమ్మది. సొంత మిషను ముందే ఆమె కూలిమనిషి అయింది.

పైగా సాయంత్రమైతే పరీక్ష. తోడికోడలు ఎదురుగా కూర్చుని మొహం చూసేది. ఏడ్చిన జాడ కనిపిస్తే ఇంకా తగ్గలేదనేది, నవ్వితే ఎక్కువైందనేది, ఊరికే ఉంటే మరీ భయమేస్తోందనేది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఈమెకు పక్కల కూడా తవ్వారు. పాపం, అద్దం ముందు నిలబడి ఏమీ లేని మొహమొకటి నేర్చుకుని, పొద్దువాలేసరికి దాన్ని తగిలించుకుని కూర్చునేది.

అప్పుడు వచ్చింది తపాలా గుమాస్తా చొక్కా. పువ్వుల గుడ్డ. చేతులు కోసేటప్పుడు రెండు పొరల పువ్వుల వైపులూ ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, అప్పుడే ఒకటి కుడిది, ఒకటి ఎడమది వస్తుంది. తోడికోడలు రెండు పొరలూ పువ్వులు పైకే పరిచి కోసింది. రెండు చేతులూ ఎడమవే వచ్చాయి. మిషనమ్మ చూస్తూనే కనిపెట్టింది. చెబితే అదీ జబ్బులో జమ అవుతుందని నోరు మూసుకుని కుట్టేసింది.

గుమాస్తా తొడుక్కున్నాడు. కుడి చెయ్యి ముందుకు రాదు, భుజం వెనక్కి లాగేస్తుంది. అద్దం ముందు దారం తెగిన గాలిపటంలా మెలికలు తిరిగాడు. మిషనమ్మకు నవ్వు ఆగలేదు. పెళ్లయిన కొత్తలో ఆమె దగ్గర పని నేర్చుకుంటూ మొగుడూ ఇదే తప్పు చేసి, ఆమెను నవ్వించడానికి ఆ చొక్కాతోనే ఇల్లంతా తిరిగాడు. అది గుర్తుకురాగానే నవ్వుతున్న నోరే బావురుమంది. గుమాస్తా చొక్కా విప్పి పారేసి బనీనుతోనే పరుగందుకున్నాడు. జరిగిందల్లా ఇంతే.

మర్నాటినుంచి పిల్లలు గుమ్మం ముందు చేరి, పకపకా నవ్వి, ఓ అని ఏడ్చి, పారిపోయేవాళ్లు. పెద్దవాళ్లు కసరలేదు, ఇంకోసారి చేసి చూపించమన్నారు. గుడ్డలివ్వడం మాత్రం అందరూ మానేశారు.

చివరికి తోడికోడలు బీరువా తెరిచి, కత్తెర ఒళ్లో పెట్టుకుని మిషను పక్కన కూర్చుంది.

"మీ బావగారు మిషను అమ్మేస్తానంటున్నారే. ఇక ఏడవనని ఒక్క మాట చెప్పు, నేను ఆపిస్తా, కత్తెరా ఇచ్చేస్తా. నిజం చెప్పు, తగ్గిందా నీకు?"

మిషనమ్మ ఆ నేర్చుకున్న మొహం పెట్టబోయింది. అది నిలవలేదు.

"జ్వరమైతే తగ్గేదక్కా. రేపు ఏడుస్తా, ఎల్లుండి నవ్వుతా, పోయేదాకా ఇంతే. ఆయన పోయిన రోజు నువ్వు ఒక్క చుక్క రాల్చలేదు, నిన్నెవరూ కూర్చోబెట్టి మొహం చూళ్లేదు. మిషను అమ్ముకుంటే అమ్ముకోండి. ఆ కత్తెర మా అమ్మది, ఇటివ్వు."