మేడం నన్ను ముట్టనివ్వని పళ్ళెం

మా డిగ్రీ కాలేజీలో బోటనీ ఈ ఏడు చచ్చిపోయింది. మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం చాలా మర్యాదగా, "గ్రూప్ క్లోజ్ చేస్తున్నామండి" అన్నారు. లింగంపల్లి స్టేషన్లో రైలు దిగి వచ్చే పిల్లలందరికీ కంప్యూటర్ సైన్సే కావాలి. మొదటి సంవత్సరంలో ఒక్కరంటే ఒక్కరు చేరలేదు. బోటనీకి మిగిలిన ఒకే ఒక్క లెక్చరర్ని నేను. పర్యావరణం పేపరు చెప్పుకోమని కామర్స్ వాళ్ళ స్టాఫ్ రూములో ఒక మూల కుర్చీ వేశారు. కుర్చీ ఎక్కడేస్తే నాకేం. నా దిగులంతా మా ఎండు మొక్కల గది గురించే. దాన్ని నెలలో ఖాళీ చేసిస్తే అక్కడ కొత్త కంప్యూటర్లు పెడతారట.

ఆ గదిలో ఇనప బీరువాల నిండా అట్టలు. ఒక్కో అట్ట మీద ఎండబెట్టి అతికించిన ఒక మొక్క. హెర్బేరియం అంటారు దాన్ని. అందులో చాలా భాగం ఒక మనిషి చేతి పని. ఆవిడ నాకు చదువు చెప్పిన మేడం. భర్త ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి ఇక్కడికి వచ్చి, మా కాలేజీలోనే రిటైరయ్యారు. భర్త పోయాక ప్రగతి నగర్‌లో చెరువు కనిపించే ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటున్నారు. గ్రూపు మూసేస్తున్నారని చెప్పినప్పుడు ఆవిడ ఏడవలేదు. "పిల్లలు రాకపోతే ఎవరేం చేస్తారమ్మా. ఆ అట్టలకి మాత్రం ఎక్కడో ఒకచోట ఇల్లు చూసిపెట్టు. అదొక్కటే నా కోరిక" అన్నారు. ఆవిడ నన్ను అడిగింది జన్మలో అదొక్కటే.

మేడం పాఠం చెప్పే తీరే వేరు. మొక్కని కాగితం మీద పెట్టి, "ముందు బొమ్మలా చూడు. పేరు తర్వాత అడుగుదువుగాని" అనేవారు. కాడ ఎటు వంగాలి, పువ్వు ఎక్కడ వాలాలి, చుట్టూ ఎంత ఖాళీ ఉండాలి, అన్నీ ఆలోచించి సర్దేవారు. ఒక ఆకునైనా తిరగేసి అతికించాల్సిందే, అడుగు వైపు ఈనెలు కనబడాలి కదా. కింద కుడిమూల చీటీ. అందులో శాస్త్రీయ నామం, ఇక్కడి జనం పిలిచే పేరు, దొరికిన చోటు, తెచ్చినవాళ్ళ పేరు, ఆ మొక్కని ఎవరు దేనికి వాడేవారో రెండు ముక్కలు. గుంటగలగర కింద మా నాయనమ్మ కాచే నూనె సంగతి ఉంది. ఉత్తరేణి కింద మా ఊళ్ళో దాంతో పళ్ళు తోమేవారని ఉంది. "ఈ మూల చదివితే మీ ఊరి చరిత్ర, మధ్యలో చూస్తే చిత్రం, చీటీ పైవరసలో సైన్సు. వేరే పుస్తకం ఎందుకూ?" అనేవారు.

మాది శేరిలింగంపల్లి పక్కనే పల్లె. ఇప్పుడు మూడు వైపులా ఆఫీసులు, నాలుగో వైపు ఫ్లైఓవరు. నేను డిగ్రీలో చేరినప్పుడు అక్కడ చెరువు, పెద్ద పెద్ద బండలు, వాటి సందుల్లో తడి ఇసుక ఉండేవి. మా నాయన కౌలుకి వరి వేసేవాడు. కలుపు తీసిన చేతులు కాబట్టి ఏ మొక్క ఎక్కడ మొలుస్తుందో నాకు తెలుసు. గునుగు, తుమ్మి, విష్ణుకాంత, అడవినాభి, ఏది కనిపిస్తే అది వేళ్ళతో సహా పీకి సంచీలో వేసుకుని కాలేజీకి మోసేదాన్ని. "మొక్కలు తెమ్మంటే గడ్డివామే పట్టుకొచ్చావేమిటే" అని మేడం వెక్కిరించేవారు. ఆ వెక్కిరింత కోసమే ఇంకా తెచ్చేదాన్ని.

ఇద్దరం కలిసి వాటిని పాత పేపర్ల మధ్య పరిచి, బరువు పెట్టి, రోజూ పేపర్లు మార్చేవాళ్ళం. అంతవరకూ అన్నీ నా చేత చేయించేవారు. బాగా ఎండాక పురుగు పట్టకుండా ఒక మందులో ముంచాలి. తెల్లటి పింగాణీ పళ్ళెంలో ఆ మందు పోసేవారు. ఆ పళ్ళెం బల్ల మీదికి వచ్చిందంటే నన్ను బయటికి పంపేసేవారు. "నువ్వు వరండాలో కూర్చుని చీటీలు రాయి" అని తలుపు వేసుకునేవారు. కిటికీలోంచి కనబడేది. ఒక్కో మొక్కనీ వేళ్ళతో పట్టుకుని మందులో ముంచి, రేకులు చెదరకుండా పైకి తీసి, అద్దుడు కాగితం మీద వాల్చేవారు. అంత ముచ్చటైన పని నన్ను చేయనివ్వకపోవడం నాకు కడుపు మంటగా ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏంది మేడం, నేను ముడితే ఖరాబైతయా?"

"ఇది నీ పని కాదమ్మా. వెళ్ళు."

అంతే, తలుపు పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సంచీ మోయడానికి పనికొచ్చిన చేతులు పువ్వు ముట్టడానికి పనికిరావా? పల్లెటూరి మొరటు చేతులనే కదా ఆవిడ ఉద్దేశం అనుకున్నాను. పంతం పట్టి రెండింతలు తేవడం మొదలుపెట్టాను. చెరువు కట్ట కింద, బండల పక్క తడి ఇసుకలో, పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా దొరికింది. వేలెడంత మొక్క, ఒంటి నిండా ఎర్రటి నూగు, నూగు కొసన మెరిసే జిగురు బొట్లు. దాన్ని తెచ్చిన రోజు మేడం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పళ్ళెం వచ్చేసరికి నన్ను బయటికే పంపారు. ఆ కోపం ఇన్నేళ్ళూ నాలో ఒక మూల అలాగే ఉండిపోయింది.

అది పాదరసం కలిసిన మందని నాకూ తెలుసు. మింగితే ప్రాణం పోతుందని పుస్తకంలో చదివాం, ముట్టుకుంటే ఏమవుతుందో మాత్రం అందులో లేదు. అప్పట్లో చాలా కాలేజీల్లో అదే పద్ధతి, ఎవరూ వింతగా చూసేవారు కాదు. నేను ఉద్యోగంలో చేరేసరికి ఆ సీసాలు రావడం ఆగిపోయింది, నాఫ్తలీన్ ఉండలతోనే సరిపెట్టుకున్నాం. మేడం చేతులు అప్పటికే వణకడం మొదలైంది. బోర్డు మీద ఆకు గీస్తే అంచు వంకర్లు పోయేది. పిల్లలు నవ్వుకునేవారు. నరాల బలహీనత అని ఒక దవాఖానలో అన్నారు, వయసు అని ఇంకో దవాఖానలో అన్నారు. వేళ్ళకూ పళ్ళేనికీ ముడిపెట్టాలని డాక్టర్లకీ తోచలేదు, నాకూ తోచలేదు.

అట్టలకి ఇల్లు వెతకడానికి తెలిసిన చోటల్లా అడిగాను. చాలామంది జవాబే ఇవ్వలేదు. చివరికి ఒక పెద్ద సంస్థ నుంచి చూసి వెళ్ళడానికి ఒక అమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల, పద్ధతిగా మాట్లాడింది. నేను సంబరపడి ముందుగా డ్రోసెరా ఉన్న అట్టే తీసి చూపించబోయాను. ఆ పిల్ల చెయ్యి చాపలేదు. సంచీలోంచి గ్లౌజులు, మాస్కు తీసి వేసుకుని, "వీటిని దేంతో ట్రీట్ చేశారు మేడం?" అని అడిగింది. చెప్పాను.

"సారీ అండి. మేం తీసుకోలేం. ఇవి ఇంకా విషమే. ఈ గదిలో గాలి కూడా మంచిది కాదు, ముందు కిటికీలు తీయండి." మొహమాటపడుతూ అడిగింది. "ముంచిన వాళ్ళెవరండీ? వాళ్ళ చేతులు ఎలా ఉన్నాయి?"

బాగానే ఉన్నాయని అబద్ధం చెప్పాను. ఆ పిల్ల వెళ్ళాక బయట మెట్ల మీద కూర్చుండిపోయాను.

మర్నాడు ప్రగతి నగర్ వెళ్ళాను. చెరువు నిండా గుర్రపుడెక్క, వాసనకి కిటికీ మూసి ఉంచారు. మేడం నాకు టీ ఇచ్చారు. గ్లాసు సగమే నింపారు, ఒలకకుండా. ఆ సగంలోనూ కొంత సాసర్లో పడింది. అట్టలకి ఇల్లు దొరికిందన్న కబురు కోసం ఆవిడ చూస్తున్నారు. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు.

"వాళ్ళు తీస్కోరంట మేడం. ఆ మందు వల్లనట."

ఆవిడ తల ఊపారు. "అయితే ఇంకెవరూ తీసుకోరు" అన్నారు.

"మీకు అప్పుడే తెల్సా? చేతులకు మంచిది గాదని?"

"సీసా మీద పుర్రె బొమ్మ ఉండేది కదమ్మా. పట్టకారుతో పడితే రేకులు చిట్లిపోయేవి. తొడుగులు వేసుకుంటే కాడ ఎక్కడుందో తెలిసేది కాదు. వేళ్ళతో అయితేనే కుదిరేది. ఏదో ఒక్కదాన్నే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను."

ఒక్కదాన్నే అన్న మాట నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వేసిన తలుపు, వరండా, చీటీలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి.

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? ఇంటికెళ్ళి చెప్పేదానివి. మీ నాన్నగారు అప్పటికే నీకు సంబంధాలు చూస్తున్నారు. కాలేజీలో విషంతో పని చేయిస్తున్నారని తెలిస్తే మర్నాడు నిన్ను పంపేవారా?"

నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు, కోపం వచ్చింది. నన్ను కాపాడమని నేనడిగానా అనిపించింది. మొరటు చేతుల పిల్లననుకుని ఇన్నేళ్ళు కుమిలిపోయాను, ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? ఆ మాట పైకి అనలేదు. ఆవిడ వణికే చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. లేచేటప్పుడు ఆవిడ ఒకటే చెప్పారు. "తగలబెట్టనివ్వకు. ఆ పొగ పిల్లలు పీలుస్తారు."

చెరువు గట్టున నడుస్తుంటే అసలు సంగతి తట్టింది. నేను సంచీ నింపిన ప్రతిసారీ ఆవిడ పళ్ళెంలో చేతులు పెట్టారు. పంతానికి రెండింతలు తెస్తే రెండింతలు ముంచారు. ఇక చాలు, తేవద్దని ఒక్కనాడూ అనలేదు. రోడ్డు మీద నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను.

ఇల్లు దొరుకుతుందన్న ఆశ పోయింది కాబట్టి ఇక మిగిలింది ఆవిడ చివరి మాట. ప్రిన్సిపాల్ గారు పాత సామాను కొనేవాడిని పిలిపిస్తానన్నారు. కాగితం బరువుకి కొంటాడట. నా నోరు ఊరుకుంటుందా. వాడి పిల్లలకేమైనా అయితే పోలీస్ స్టేషన్‌కి నేనే మిమ్మల్ని తీసుకెళ్తానన్నాను. ఆయన మొహం మాడ్చుకుని, విష పదార్థాలు తీసుకెళ్ళేవాళ్ళతో మాట్లాడారు. మూతలున్న డ్రమ్ముల్లో సర్ది గేటు దగ్గర పెడితే లారీ వచ్చి పట్టుకుపోతుంది. ఎక్కడో గొయ్యి తీసి, దాన్ని మూసి సీలు వేస్తారట. మేడం అడిగిన ఇల్లు అలా దొరికింది.

సర్దడానికి ఊడ్చే ఆడవాళ్ళిద్దరిని పంపారు. పాలమూరు వైపు వాళ్ళు, అక్కాచెల్లెళ్ళు. పెద్దామె వస్తూనే కొంగు దోపి, ఒట్టి చేతులతో బీరువాలో చెయ్యి పెట్టబోయింది. నేను అరిచాను. ఇద్దరినీ వరండాలోకి వెళ్ళమన్నాను. నేను కొని తెచ్చుకున్న దళసరి గ్లౌజులు ఒక్క జతే ఉంది. అవి తొడుక్కుని, మాస్కు కట్టుకుని, కిటికీలు బార్లా తీసి, అట్టలు ఎత్తి డ్రమ్ములో పెట్టడం మొదలుపెట్టాను. మేడం చెప్పింది నిజమే. ఆ గ్లౌజుల్లో వేళ్ళకి ఏమీ తెలియడం లేదు. ఎంత నెమ్మదిగా ఎత్తినా రేకులు పొడిగా రాలాయి. డ్రోసెరా అట్ట తీస్తే కింద మూల నా దస్తూరీ కనిపించింది. వరండాలో కూర్చుని, కోపంతో ఒత్తి ఒత్తి రాసిన చీటీ. తెచ్చినవాళ్ళ పేరు దగ్గర నా పేరు. మొక్క కాడ నా చేతిలోనే విరిగింది.

గుమ్మం దగ్గర పెద్దామె ఇంకా నిలబడే ఉంది. మొహం చిన్నబుచ్చుకుంది.

"మేం ముడితే ఖరాబైతయా మేడం?"

చెప్పకుండా తలుపు వేయడం నాకు చేతకాలేదు.

"ఇది విషమమ్మా. ముట్టుకుంటే చేతులు జిందగీ అంతా వణుకుతయ్."

ఆమె నన్నూ, నా గ్లౌజుల్నీ, సగం నిండిన డ్రమ్మునీ చూసింది.

"మరి నువ్వెందుకు ముడుతున్నవ్?"

"ఇవన్నీ నేను తెచ్చినవే" అని చెప్పి, తలుపు దగ్గరికి వేశాను.