ఎర్రగుడ్డ మీద కోత

అమలాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతుండగా, జన్యువులను మార్చడం మంచిదా కాదా అన్న విషయం మీద పక్క ఊళ్లో కాలేజీల మధ్య చర్చాపోటీ పెట్టారు. మంచిదన్న పక్షం మాది. "కొత్త గుణం చేరుతుంది, ఉన్నదేదీ పోదు" అన్న వాక్యం మీద నా ప్రసంగమంతా నిలబెట్టుకున్నాను.

సభలో చూపించడానికి ప్లాస్మిడ్ నమూనా ఒకటి కావలసి వచ్చింది. ప్లాస్మిడ్ అంటే బాక్టీరియాలో ఉండే చిన్న డీఎన్ఏ వలయం. ఎంజైము దాన్ని ఒక్కచోట మాత్రమే కోయాలి. ఆ కోతలోనే బయటి జన్యువును అతికిస్తారు. మా వీధిలో కొబ్బరితాళ్లు పేనే మామ్మగారు తాడుతో ఒక వలయం చేసిచ్చారు. రెండు యాంటీబయాటిక్ మందులను తట్టుకునే రెండు జన్యువులకు గుర్తుగా దాని మీద ఒకచోట ఎర్రగుడ్డ, ఒకచోట పచ్చగుడ్డ చుట్టాను. ఆవిడ ముందే ప్రసంగం అప్పజెప్పి, పుస్తకంలోని బొమ్మ ప్రకారం ఎర్రగుడ్డ మధ్యలో కోసి, కొత్త తాడుముక్క ముడివేశాను.

"అదేంటండీ బాబుగారూ, బోలెడు తాడుండగా సరిగ్గా ఎర్రగుడ్డ మీదే కోసేరు?"

"ఈ ఎంజైమనే కత్తి అక్కడే కోస్తుంది మామ్మగారూ."

"ఆయ్. మరి గుడ్డ రెండు ముక్కలైపోయిందిగా. ఏదీ పోదని ఇందాకా తెగ చెప్పేరు!"

ఆ బొమ్మను ఎన్నోసార్లు చూసినా నాకు రాని ప్రశ్న అది. మర్నాడు మా లెక్చరరుగారిని అడిగాను.

"నిజమేనోయ్, ఆ జన్యువు చెడుతుంది. అది తట్టుకునే మందుకు బాక్టీరియా చస్తేనే కొత్తది లోపల చేరిందని మనకు తెలిసేది" అన్నారు.

ఆ వాక్యం మారుస్తానంటే, పోటీలో నాకు జతగా మాట్లాడే మిత్రుడికి నచ్చలేదు. "ఆ వాక్యం తీసేస్తే నీ ప్రసంగంలో ఏం మిగుల్తుందిరా? అవతలివాళ్లలో సైన్సు చదివినవాడు ఒక్కడూ లేడు. ఉన్నదున్నట్టు చదివెయ్. కప్పు మనదే."

వేదిక ఎక్కేదాకా తేల్చుకోలేకపోయాను. వలయం పైకెత్తినప్పుడు తెగిన ఎర్రగుడ్డ కళ్ల ముందే వేలాడింది. "ఇక్కడ ఒక గుణం పోతుంది. పోయేదేమిటో తెలిసే, చేరేదాన్ని కోరుతున్నాను" అన్నాను. అవతలి పక్షం చివరిదాకా 'ఒక గుణం పోతుంది' అన్న మొదటి వాక్యాన్నే పట్టుకుంది. రెండోదాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. కప్పు వాళ్లకే దక్కింది. తిరుగు బస్సులో మిత్రుడు నా పక్కన కూర్చోలేదు.

వలయం తిరిగివ్వడానికి వెళ్తే మామ్మగారు అడిగారు: "గెలిచేరా అండీ?"

"లేదండీ. ఎర్రగుడ్డ పోయిందని చెప్పేశాను."

"మరి పోయిందిగా!" అంటూ ఆవిడ నా ముడి విప్పి, ఆ తాడుకు కొత్త పీచు కలిపి పేనడం మొదలుపెట్టారు.