మంద వెంట కుక్కలు, గట్టులో నక్కలు

1999లో దర్శి దగ్గర ఒక పల్లెలో పశువైద్యురాలిని. మాఘమాసపు ఉదయాల్లో కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల మీద మంచు కమ్మి, ఎరుపంతా కలలో చూసినట్టు మసకబారేది. ఆ మంచులోంచే గొర్రెల కాపరి కోటయ్య నడిచొచ్చాడు, చేతుల్లో చచ్చిన గొర్రెపిల్లతో. ఎరువు కోసం ఓ రైతు పిలిస్తే అతని పత్తిచేలో మంద కట్టాడు. రోజూ పిల్లలు పోతున్నాయి.

“గట్టులో గుంటనక్క బొరియుంది డాక్టరమ్మా. కూనలు కూడా పెట్టింది. మాంసంలో గుళికల మందు కలిపి పెడతా. మీరు సరేనంటే ఇయ్యాలే.”

“సరేననడానికి నేనేమన్నా యముడి గుమస్తానా? ముందు పిల్లని కింద పెట్టు.”

ఉన్ని పక్కకు తీసి చూశాను. కెనైన్స్, అంటే కోరపళ్లు, దిగిన గాట్ల మధ్య ఎడం చూస్తే కరిచిన దవడ వెడల్పు తెలుస్తుంది. పిల్లి కన్నా కాస్త పెద్దదైన గుంటనక్కకు అంత దవడ ఉండదు.

“ఇది కుక్క పని.”

“మా ఊరి కుక్కలు అట్టాంటియి కాదమ్మా.”

“అవునులే, ఉపవాసాలుంటాయి. చచ్చి పుట్టిన పిల్లల్ని ఎక్కడ పారేస్తున్నావ్?”

కోటయ్య తల గోక్కున్నాడు. గట్టు పక్కకు విసిరేయడం కాపర్ల అలవాటు. ఆ రుచి మరిగిన ఊరకుక్కలు మంద వెంటే తిరుగుతూ, చివరికి బతికున్నవాటి మీద పడ్డాయి.

ఇద్దరం చేలోకి వెళ్లాం. మంచు విడుతోంది. పత్తిమోళ్ల మధ్య నక్కకూనలు ఒకదాని మీదొకటి దొర్లుతున్నాయి, చప్పుడే లేకుండా, నీళ్లలో ఆడుతున్నట్టు. కోటయ్య చాలాసేపు చూశాడు.

“పొలంలో ఎలకల్ని తినేది ఇయ్యేగా,” అన్నాడు నెమ్మదిగా. మందు పెట్టలేదు. చచ్చినవాటిని గుంట తీసి పూడ్చాడు. కుక్కలు మందను వదిలాయి, పిల్లలు దక్కాయి. కూనలూ దక్కాయనే అనుకున్నాను.

కొన్నేళ్లకు అదే ఊరికి మళ్లీ బదిలీ అయింది. రోడ్డు వెంట కోళ్ల మాంసం దుకాణాలొచ్చాయి, వాటి చెత్తకు కుక్కలు రెట్టింపయ్యాయి. ఆ గట్టు బొరియలో ఓ కుక్క పిల్లలకు పాలిస్తోంది.

“మందు ఎవరూ పెట్టలా డాక్టరమ్మా, ఒట్టు,” అన్నాడు కోటయ్య. “నక్కల్ని కుక్కలు తరిమినయ్. కొన్ని ముక్కు కారి, ఒళ్లొణికి పడిపోయినయ్. ఏటికేడు తగ్గినయ్.”

ఆ వణుకు సంగతి వింటే డిస్టెంపర్‌లా ఉంది. కుక్కల నుంచి నక్కలకు అంటుకునే జబ్బు. నక్కలు పోయాయంటే తుపాకీనో విషాన్నో తిట్టేవాళ్లతో నాకు అప్పటినుంచీ పేచీ. ఒక జంతువును రూపుమాపడానికి పక్కదానికి తిండి పడేస్తే చాలు. ఇప్పటికీ ఏ మందకెళ్లినా జబ్బు సంగతి తర్వాతే. చచ్చినదాన్ని ఎక్కడ పారేశారో ముందు చెప్పమంటాను.