ముల్లు గుచ్చుకున్నంత నొప్పి

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో ట్రాక్టర్ ఉన్నది మా మామయ్యకు ఒక్కడికే. భోపాల్‌పట్నం దాటాక అడవి దగ్గరపడే చోట ఉంటుంది ఆ ఊరు. నేను పెరిగింది అక్కడే. ఊరి పక్కనే పారే నది అవతల ఎవరో వాడి వాడి వదిలించుకున్న బండిని మామయ్య మురిసిపోతూ తెచ్చుకున్నాడు. దాని అసలు రంగేమిటో పోల్చుకోవడం కష్టం. పొద్దున్నే అది స్టార్ట్ అయితే ఊరికి తెల్లవారినట్టు, కాకపోతే మామయ్య తిట్లతో తెల్లవారినట్టు. తాతయ్య మాత్రం దాన్ని ఎప్పుడూ నమ్మలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మడుల్లో నీళ్లు నిలిచి అందరూ నాట్లకు ముందు దమ్ము దున్నించడానికి తొందరపడుతుంటే, ట్రాక్టర్ వెనక నాగలి పైకెత్తితే నిలవడం మానేసింది. గట్టు దాటేలోపే కునుకుపాట్లు పడే మనిషి తలలా మెల్లగా కిందికి వాలిపోయేది. నాగలిని ఎత్తే లిఫ్టులో పొద్దున పోసిన ఆయిల్ సాయంత్రానికి తగ్గిపోయేది. అలాగని కింద మట్టిలో చుక్క కూడా కనపడేది కాదు. ఎక్కడో పైపు కారుతోందని మామయ్యకు తెలుసు, ఎక్కడన్నదే తెలియలేదు. ఊళ్లో సగం మందికి దున్నిపెడతానని మాటిచ్చి ఉన్నాడు. ఆయన కంగారంతా దాని గురించే.

ఒక మధ్యాహ్నం ఇంజన్ నడుస్తుండగానే నాగలిని పైకెత్తి, పంపు నుంచి లిఫ్టుకు వెళ్లే పైపు మీద అరచేతితో తడుముతూ పోయాడు. మసీ దుమ్మూ పట్టిన చోట కంటికి కనపడని తడి చేతికి తెలుస్తుందని మా వైపు అందరూ అలాగే వెతికేవారు. ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చూపుడు వేలి మొదట్లో చిన్న చుక్క. రక్తం కూడా రాలేదు. "ఏం కాలె, ముల్లు గుచ్చినట్టైంది, గంతే" అన్నాడు.

ఇప్పపూలు ఏరడానికీ, తునికాకు కోయడానికీ అడవిలో తిరిగేవాళ్లం. ముల్లు గుచ్చుకోని మనిషి మా ఊళ్లో లేడు. ముల్లుకు చేసే వైద్యం పసిపిల్లలకు కూడా తెలుసు. అమ్మమ్మ ఇప్పనూనె వెచ్చజేసి రాసి, పసుపు అద్ది, పాత చీర చింపి కట్టు కట్టింది. మామయ్య ఆ కట్టు నాకు చూపించి, "ఏంది కోడలు పిల్లా, గట్ల చూస్తున్నవ్? నీ మామ పెండ్లికొడుకు లెక్క లేడా?" అని ఆటపట్టించాడు. అందరం నవ్వాం. అప్పటికింకా ఎండ ఉంది. రేవులో పడవ నడుస్తోంది. సంతకు పోయినవాళ్లు నది దాటి వస్తూనే ఉన్నారు. ఆసుపత్రి మాట ఎవరి నోటా రాలేదు.

తెల్లారేసరికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. కట్టు కోసి తీయాల్సి వచ్చింది. అప్పుడు కూడా ఏం లేదనే అన్నాడు, పళ్లు బిగబట్టి. ఇక లాభం లేదని తాతయ్య ఎడ్లబండిలో రేవుకు తీసుకెళ్లాడు. కానీ ఎగువన కురిసిన వానకు నది ఎర్రగా పొంగి ఉంది. పడవవాళ్లు చేతులెత్తేశారు. ఒడ్డున పాకలో మామయ్యను పడుకోబెట్టి వరద తగ్గడం కోసం కాచుకు కూర్చున్నారు. నది దాటేసరికి వేళ్లు నల్లబడ్డాయి. పెద్దాసుపత్రిలో చెయ్యి మణికట్టు దగ్గర తీసేశారు.

లోపలికి పోయింది ముల్లు కాదనీ, పైపుకు పడ్డ సన్నటి బెజ్జంలోంచి ఒత్తిడికి సూదిలా చిమ్మిన ఆయిల్ చర్మం కిందికి దూరిందనీ డాక్టర్ చెప్పాడట. ఆ రోజే వచ్చి ఉంటే చెయ్యి నిలిచేదేమో అన్నాడట. తాతయ్య ఇంటికొచ్చి ఆ మాట దాచకుండా చెప్పాడు. అమ్మమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "నా చేతులతోనే కట్టు కట్టిన గదరా" అని చాలా కాలం తనలో తనే అనుకునేది. మా ఇంట్లో నవ్వులు ఆ వానాకాలంతోనే తగ్గిపోయాయి.

కోతలయ్యాక ఒకరోజు మామయ్య మమ్మల్నందరినీ కొట్టం దగ్గరికి పిలిచాడు. పొడుగాటి వెదురు కర్ర చివర సబ్బుల పెట్టె అట్టముక్క కట్టించాడు. మమ్మల్ని దూరంగా నిలబెట్టి, ఇంజన్ నడిపించి, నాగలి ఎత్తించి, ఎడమ చేత్తో ఆ అట్టను పైపు వెంబడి మెల్లగా జరిపాడు. చుక్కైనా కనపడని ఒక వంపు దగ్గర అట్ట చిల్లుపడి నూనెతో తడిసింది. అట్టకే అలా అయితే చేతికి ఏమై ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత నాగలిని నేలకు దించి, ఇంజన్ ఆపి, లోపలి ఒత్తిడి పోయేలా లివర్‌ను ముందుకూ వెనక్కూ ఆడించి, అప్పుడే పైపు విప్పమన్నాడు. నట్లు తిప్పడానికి రెండో చెయ్యి లేదు కనుక తాతయ్యే పానా పట్టుకుని కొత్త పైపు బిగించాడు. అంతా అయ్యాక మామయ్య మా ముఖాలు చూశాడు. "ఏం కాలె అని నేనంటే మీరందరు ఎట్ల నమ్మిండ్రు?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. తాతయ్య పానా తుడుస్తూ ఉండిపోయాడు. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఊళ్లోకి ఇంకొన్ని ట్రాక్టర్లు వచ్చాక ఆయన నేర్పింది అందరికీ పనికొచ్చింది. ఆ తర్వాత అక్కడ పైపును చేత్తో తడిమినవాళ్లు లేరు. నాకు మాత్రం ఆయన అడిగిన ప్రశ్న మిగిలింది. బాధపడేవాణ్ణి బాధ ఎంతని అడిగితే సరిపోదని, మొదట చెప్పే జవాబు మనం కంగారుపడకూడదని చెప్పేదేనని, ఆ వయసులోనే నాకు తెలిసిపోయింది. తెలిసినందుకు సంతోషమేమీ లేదు.

మొన్నామధ్య మా ఆయన గుండెల్లో కాస్త మంట అన్నాడు. వెంటనే ఏం లేదులే, తిన్నదరగలేదు అన్నాడు. నేను నమ్మలేదు. గొడవపడి, కేకలేసి, ఇరుగుపొరుగును పోగేసి ఆసుపత్రికి జీపెక్కించాను. గుండెపోటేనన్నారు, మనిషి దక్కాడు. అందరి ముందూ పరువు తీశానని ఇప్పటికీ సణుగుతుంటాడు. ఆ సణుగుడు వింటూ వంట చేసుకుంటుంటే నాకు మామయ్య మీద బెంగ పుడుతుంది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఒక్కరైనా ఆయనతో అలా గొడవపడి ఉంటే ఎంత బాగుండేది.