కృపారాణి ఎంజైము

కృపారాణిది నరసన్నపేట. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసిన తండ్రి ఆమెను బయోటెక్నాలజీ చదివించాడు. మేనత్త కొడుకు శాంతికుమార్‌ను పెళ్లి చేసుకుని విజయనగరం వచ్చింది. అతను కరెంటు లైన్‌మన్. ఆమె ఊరి చివర చిన్న ఎంజైముల కంపెనీలో పరిశోధకురాలు.

గింజల్లోని భాస్వరం కోళ్ల ఒంటికి పట్టాలంటే మేతలో ఒక ఎంజైము కలపాలి. మేతను గుళికలుగా చేసేటప్పుడు తగిలే ఆవిరికి అది పాడైపోతుంది. అందుకని కృపారాణి ఆ ఎంజైము జన్యువును రకరకాలుగా మార్చి, ఒక్కో రకాన్నీ బ్యాక్టీరియాలో పెంచి, వేడిచేసి చూసేది. తట్టుకున్నదాన్ని తీసుకుని మళ్లీ మార్చేది. ఏళ్ల తరబడి చేయగా ఆవిరికి చాలావరకు నిలబడే రకం ఒకటి దొరికింది. ఆ జన్యువు ఎలా మారిందో చదివించడానికి హైదరాబాదు పంపేలోగా, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చిపడింది.

స్తంభాలన్నీ నేలకొరిగాయి. కంపెనీ జనరేటరులోకి నీళ్లు చేరాయి. ఆ రకాల బ్యాక్టీరియాను ట్యూబుల్లో దాచిన ఫ్రీజరు ఆగిపోయింది.

"బావా, మా కంపెనీకి కరెంటు ఎప్పుడొస్తాది?" అని భర్తను అడిగింది.

"ముందు ఆసుపత్రి, తర్వాత మంచినీళ్ల పంపులు. మీ వైపు ఆలీసమవుతాది. ఏటి, తొందరుందా?"

అతని అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"లేదులే, తిను" అంది.

కరెంటు వచ్చాక ట్యూబుల్లో మిగిలినదాన్ని గాజు పళ్లేల్లో పూసి చూసింది. చాలా రకాలు మొలిచాయి. ఆమెకు కావలసినది మాత్రం మొలవలేదు. మధ్యాహ్నం కేరేజీ పట్టుకొచ్చిన శాంతికుమార్‌కు ఆ ఖాళీ పళ్లెం ముందు కూర్చున్న భార్య కనిపించింది. సంగతి విని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నాకెందుకు సెప్పలేదే?"

"సెప్తే ఏటి సేసేవోడివి? ఆసుపత్రి లైను ఒగ్గేసి మాకిచ్చేవోడివా?"

"ఇచ్చీవోణ్ని కాదు" అన్నాడు.

"అందుకే సెప్పలేదు."

కేరేజీ విప్పి, అన్నం కలిపి ముద్ద చేతికిచ్చాడు. ఏడుస్తూనే తింది. "బ్యాక్టీరియా సచ్చినా జన్యువు ఆ ట్యూబులో మిగిలుండొచ్చు బావా. రేపు తీసి సూడాలి. దొరుకుతాదో లేదో."

దొరికింది. దానికి నకళ్లు తీసి, కొత్త బ్యాక్టీరియాలోకి ఎక్కించి, మార్పులన్నీ చదివించింది. కంప్యూటరులో ఎంజైము ఆకారాన్ని తిప్పితిప్పి చూస్తే, వేడికి ముందుగా ఊడిపోయే వదులు మెలిక ఒకటి అంచున కనిపించింది. చదివించిన మార్పుల్లో ఒకటి దాన్ని సగం బిగించింది. మిగతా సగాన్ని ఆమే జన్యువు మార్చి బిగించబోయింది. మొదట పెట్టిన బిగింపుకు ఎంజైము పనే ఆగిపోయింది. చోటు మార్చి పెట్టాక కుదిరింది.

రెండేళ్ల తర్వాత భోగాపురం దగ్గర ఒక మేత మిల్లులో పరీక్ష. యంత్రంలోంచి పొగలు కక్కుతూ వచ్చిన గుళికలను కంపెనీకి తెచ్చి, నూరి చూసింది. ఎంజైము పనిచేస్తోంది. వెంటనే భర్తకు ఫోను చేసింది. అతను అప్పుడే స్తంభం దిగాడు.

"బతికిందా?" అన్నాడు, ఆమె నోరు విప్పకముందే.

"బతికింది బావా."

ఫోను ఎవరూ పెట్టేయలేదు. అటు గాలి హోరు ఆమె చెవికి వినిపిస్తూనే ఉంది.