లూకా లైట్ల పరీక్ష

జూలూరుపాడులో ఎమర్జెన్సీ లైట్లు తయారుచేసే లూకాకు, అవి రేడియోలకు అడ్డొస్తాయేమోనని హైదరాబాద్ ల్యాబులో పరీక్ష చేయించే స్తోమత లేదు. ప్రతి లైటునూ ట్రాన్సిస్టర్ పక్కన వెలిగించి, మెడ వంటింటివైపు తిప్పి కూర్చునేవాడు. అతనికి వినికిడి మందం. పాటలో గురగుర వస్తే వంటింట్లోంచి భార్య సంపూర్ణే "నీ లైటు పాటను మింగుతాంది, ఇంకో చుట్టు చుట్టు!" అని కేకేసేది. అతను కాయిలుకు మరో వరస తీగ చుట్టేవాడు. ఆమె కిమ్మనకపోతే లైటు పాసైనట్టే.

ఆమె పోయిన రెండో నెలలో కారేపల్లి నాగలత లైటు వాపసు తెచ్చింది. "ఇది వెలిగిస్తే రేడియోల గురగురే తప్ప వార్తలు వినపడ్తలేవు తాతా. చూడకుంటనే ఇచ్చినవా?"

లూకా అలవాటుగా వంటింటివైపు చూశాడు. "చూసిన బిడ్డా. వంటింట్లకెళ్లి ఎవ్వరూ ఏమనలే. మంచిగనే ఉన్నదనుకున్న."